వోల్టులూ ఆంపియర్లూ చెప్పే లెక్క



దగ్గరలో పెన్సిలు, కాగితం ఉంటే తీసుకుని కూర్చోండి. ఇవాళ కొన్ని లెక్కలు వేద్దాం. భయపడాల్సిన లెక్కలు కావు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

పొలంలో మోటారు కాలిపోతే ఏం చేస్తాం? విప్పి బండిమీద వేసుకుని వైండింగ్ షాపుకు తీసుకెళ్తాం. వేలకు వేలు పోసి బాగు చేయించుకుని వస్తాం. మళ్ళీ అదే తీగకు, అదే స్టార్టరుకు తగిలిస్తాం. కొన్నాళ్ళకు మళ్ళీ కాలుతుంది. కరెంటు మంచిది కాదని ఒక మాట అనేసి ఊరుకుంటాం. ఆ మాటలో నిజం ఉండొచ్చు. కానీ అందులో సరఫరా తప్పెంత, మన తీగ తప్పెంత, జాయింటు తప్పెంత అన్నది తేల్చుకోవచ్చు. దానికి రెండే కొలతలు కావాలి. ఒకటి వోల్టులు, రెండోది ఆంపియర్లు.

వోల్టేజీ అంటే విద్యుత్తును తీగ వెంట నెట్టే బలం. ఆంపియర్లు అంటే ఆ బలానికి తీగలో ఎంత ప్రవాహం నడుస్తోందన్న లెక్క. ఈ రెండూ చేతికొస్తే మిగతావి కాగితం మీదే వచ్చేస్తాయి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది, దాన్ని ఓమ్‌లలో చెబుతాం. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే పవర్ వస్తుంది, దాన్ని వాట్లలో చెబుతాం. ఈ రెండు వాక్యాలూ కాగితం పైన రాసి పెట్టుకోండి. చివరిదాకా వీటితోనే పని.

ముందు ఇంట్లో వస్తువుతో మొదలుపెడదాం. నీళ్ళ బకెట్లో వేసే హీటరు రాడ్డు. దానిమీద 1000 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంటుంది. మన ఇళ్ళకు వచ్చే వోల్టేజీ 230 కాబట్టి, 1000ని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు. ఆ రాడ్డు తీసుకునే ప్రవాహం అది. ఇప్పుడు 230ని 4.35తో భాగించండి. 53 ఓమ్‌లకు దగ్గరగా వస్తుంది. అది రాడ్డులోని నిక్రోమ్ తీగ నిరోధం. ఈ 53ని గుర్తుపెట్టుకోండి. వోల్టేజీ ఎంత మారినా ఇది పెద్దగా మారదు.

సాయంత్రం పూట ఊళ్ళో వోల్టేజీ 180కి పడిపోయిందనుకుందాం. 180ని 53తో భాగిస్తే 3.4 ఆంపియర్లు. 180ని 3.4తో గుణిస్తే దాదాపు 611 వాట్లు. వోల్టేజీ తగ్గింది నూటికి 22 వంతులే. పవర్ మాత్రం నూటికి దాదాపు 39 వంతులు తగ్గింది. ఎందుకంటే వోల్టులు తగ్గితే వాటితోపాటు ఆంపియర్లూ తగ్గాయి. రెండు తగ్గుదలలూ కలిసి గుణకారంలో కూర్చున్నాయి. 15 లీటర్ల బకెట్ నీళ్ళు మామూలు చల్లదనం నుంచి స్నానానికి సరిపడే వేడికి, అంటే 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు రావాలంటే, 1000 వాట్లతో 26 నిమిషాలు పడుతుంది. 611 వాట్లతో 43 నిమిషాలు పడుతుంది. యూనిట్లు మాత్రం ఇంచుమించు అవే కాలతాయి, సుమారు 0.44 యూనిట్. యూనిట్ అంటే 1000 వాట్లు గంటసేపు వాడడమే కదా. కాబట్టి వోల్టేజీ తగ్గితే హీటరుకు నష్టం లేదు, మన సమయానికే నష్టం. ఈ సంగతి గుర్తుంచుకోండి. మోటారు దగ్గరికి వెళ్ళేసరికి కథ పూర్తిగా తిరగబడుతుంది.

ఇక్కడొక ప్రశ్న రావాలి. నిరోధం తెలుసుకోవడానికి ఈ భాగహారమంతా ఎందుకు, మల్టీమీటరు పెడితే ఓమ్‌లు నేరుగా చూపిస్తుంది కదా అని. చూపిస్తుంది. కానీ ఆ మాట అన్నివేళలా నమ్మకూడదు. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి ఏ అటకమీదో దొరికితే తీసి చూడండి. వెలుగుతున్నప్పుడు అది తీసుకునేది 0.26 ఆంపియర్. 230ని 0.26తో భాగిస్తే 880 ఓమ్‌ల పైమాటే. అదే బల్బును చేతిలో పట్టుకుని మల్టీమీటరు పెడితే 60, 70 ఓమ్‌లే చూపిస్తుంది. మీటరు చెడిపోలేదు. లోపల ఉన్నది టంగ్‌స్టన్ తీగ. వెలిగినప్పుడు అది రెండున్నర వేల డిగ్రీల దాకా కాగుతుంది. వేడెక్కినకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పటి నిరోధం వేరు, పని చేస్తున్నప్పటి నిరోధం వేరు. స్విచ్చి వేసిన తొలి క్షణంలో చల్లటి తీగలోంచి మామూలుకంటే పదింతలకు పైగా ప్రవాహం దూకుతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్చి వేసినప్పుడే పుటుక్కుమనేవి, అందుకే. పనిలో ఉన్న వస్తువు నిరోధం నిజంగా తెలియాలంటే అది పనిచేస్తుండగానే వోల్టులు, ఆంపియర్లు కొలిచి భాగించాలి. మరో మార్గం లేదు.

ఎల్ఈడీ బల్బుకు మాత్రం ఈ భాగహారం వాడకండి. దాని లోపల వోల్టేజీని మార్చే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది ఈ సూత్రానికి లొంగదు.

ఈ భాగహారాన్ని లోకానికి ఇచ్చినవాడు జార్జ్ సైమన్ ఓమ్. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడిలో చదువుకోకపోయినా సొంతంగా గణితం నేర్చుకుని పిల్లలకు తనే చెప్పాడు. ఓమ్ కొలోన్ పట్టణంలో బడిపంతులుగా ఉంటూ ప్రయోగాలు చేశాడు. ఆయనకు ఎదురైన చిక్కు మన రైతుకు ఎదురయ్యే చిక్కే. సరఫరా నిలకడగా లేదు. అప్పటి బ్యాటరీలు ఒక నిమిషం ఒకలా, మరో నిమిషం ఇంకోలా ఇచ్చేవి. అలాంటి సరఫరాతో నియమం ఎలా కనిపెడతాం? పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఒక సలహా ఇచ్చాడు. రాగి, బిస్మత్ లోహాలను జోడించి, ఒక జోడింపును మరిగే నీళ్ళలో, మరొకదాన్ని మంచులో ఉంచితే అతి స్వల్పమైన, కానీ కదలని వోల్టేజీ వస్తుంది. ఓమ్ ఆ పద్ధతి పట్టుకున్నాడు. వేర్వేరు పొడవుల రాగితీగలు ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, సన్నటి పట్టీకి వేలాడదీసిన అయస్కాంతపు సూది ఎంత తిరిగిందో చూసి ప్రవాహాన్ని లెక్కగట్టాడు. తీగ పొడవు పెరిగినకొద్దీ ప్రవాహం ఒక కచ్చితమైన పద్ధతిలో తగ్గింది. 1827లో పుస్తకం అచ్చయింది.

సొంత దేశంలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆశించిన ఉద్యోగం రాలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాక గాని గుర్తింపు రాలేదు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభ నిరోధం కొలమానానికి ఆయన పేరు ఖాయం చేసింది. అప్పటికి ఆయన పోయి 27 ఏళ్ళు. ఓమ్ కంటే ఎంతో ముందే ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అనే శాస్త్రవేత్త ఇదే విషయం పసిగట్టాడు. అప్పటికి ప్రవాహాన్ని కొలిచే పరికరమే లేదు. తన శరీరంలోంచి షాక్ పంపుకుని, దాని తీవ్రతను బట్టి అంచనా వేసుకున్నాడు. ఆ ఫలితాలు ప్రచురించలేదు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1879లో, మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ కాగితాలు వెలికితీసి అచ్చువేశాడు. ఒక మనిషి ఒళ్ళు గగుర్పొడిచేలా బాధపడి తెలుసుకున్న సంగతిని మనం ఇవాళ కొన్ని వందల రూపాయల క్లాంపు మీటరుతో, తీగ ముట్టుకోకుండా తెలుసుకోవచ్చు. అలాంటి మీటరు ఊరికి ఒక్కటైనా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇక పవర్ సంగతి. ఇక్కడే అసలు కీలకం ఉంది.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు అనుకున్నాం. నిరోధం మీద పడే వోల్టులు ఎన్ని? ఆంపియర్లను ఓమ్‌లతో గుణిస్తే వచ్చినన్ని. రెంటినీ కలిపితే ఇంకో సూత్రం వస్తుంది. ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, దాన్ని ఓమ్‌లతో గుణిస్తే వాట్లు. ఆ వాట్లన్నీ వేడిగా మారతాయి. ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో బీరు తయారీదారు కొడుకు జేమ్స్ జూల్ ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. తీగచుట్టను నీళ్ళ జాడీలో ముంచి, ప్రవాహం పంపి, నీళ్ళు ఎన్ని డిగ్రీలు కాగాయో థర్మామీటరుతో కొలిచాడు. ప్రవాహం రెట్టింపైతే వేడి రెట్టింపు కాలేదు, నాలుగింతలైంది. మూడింతలైతే తొమ్మిదింతలైంది. తీగలు కాలడం, మోటార్లు కాలడం, ట్రాన్స్‌ఫార్మర్లు పేలడం, అన్నీ ఈ వర్గం లెక్కలోంచి పుట్టినవే.

ఒక జాయింటు చూద్దాం. బోరు దగ్గరికి వెళ్ళే తీగ మధ్యలో ఎక్కడో తెగింది. రెండు కొసలూ చేత్తో మెలిపెట్టి, పైన టేపు చుట్టి వదిలేశారు. ఒక పక్క అల్యూమినియం, మరో పక్క రాగి. రెండు వానలు పడ్డాక అక్కడ తెల్లటి బూజులాంటి పొర పట్టింది. ఆ మెలికలో అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. మోటారు 8 ఆంపియర్లు తీసుకుంటోంది. ఎనిమిది ఎనిమిదులు 64, అందులో సగం 32 వాట్లు. 32 వాట్లంటే ఏముందిలే అనిపిస్తుంది. రేడియో మెకానిక్కు దగ్గర ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాని కొసతో ఆయన సోల్డరును కరిగించి అంటిస్తాడు. మీ జాయింటులో అంతకంటే ఎక్కువ వేడి, అంగుళం మేర మెలికలో, గంటల తరబడి పుడుతోంది. టేపు మాడుతుంది, ఇన్సులేషన్ కరుగుతుంది, వేడికి లోహం మరింత చిలుము పట్టి నిరోధం ఇంకా పెరుగుతుంది. పెరిగినకొద్దీ వేడి ఇంకా ఎక్కువ. పక్కనే గడ్డివామి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఇంట్లో ప్లగ్గు పిన్ను దగ్గర గోధుమరంగు మచ్చ కనిపించినా ఇదే కథ. 1500 వాట్ల రాడ్డుకు ఆరున్నర ఆంపియర్లు కావాలి. దాన్ని 6 ఆంపియర్ల సాకెట్లో పెట్టడం తప్పు. 16 ఆంపియర్ల సాకెట్లోనే పెట్టాలి.

ఇప్పుడు పొలానికి వెళ్దాం.

మోటారు పక్కన చిన్న రేకు ఉంటుంది, నేమ్‌ప్లేటు. మట్టి, గ్రీజు తుడిచి చదవండి. 5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారైతే 415 వోల్టులు, 8 ఆంపియర్లకు కాస్త తక్కువ అని ఉంటుంది. 7.8 అనుకుందాం. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ అయితే ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ అంకెను స్టార్టరు డబ్బా మూత లోపల పెయింటుతో రాసిపెట్టండి. ఆ మోటారు ఆరోగ్యానికి అదే కొలబద్ద.

హీటరుకు వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు తగ్గాయి, చూశాం. మోటారు అలా కాదు. దానిమీద నీళ్ళ బరువు ఉంది. అంత లోతునుంచి అన్ని నీళ్ళు ఎత్తాలి. ఆ పనికి కావలసిన పవర్ కావలసిందే. వోల్టులు తగ్గితే ఆ లోటు పూడ్చుకోవడానికి మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. 415 ఉండాల్సిన వోల్టేజీ 350కి పడిందనుకోండి. 7.8ని 415తో గుణించి 350తో భాగిస్తే, స్థూలంగా, తొమ్మిదింపావు ఆంపియర్లు వస్తాయి. పెరిగింది నూటికి 19 వంతులే. కానీ వేడి లెక్క వర్గంది. 1.19ని 1.19తో గుణిస్తే 1.42. వైండింగులో వేడి నూటికి 40 వంతులకు పైగా పెరిగింది. ఎండాకాలం మధ్యాహ్నం, రేకుల షెడ్డులో, రెండు గంటలు అలా నడిస్తే వైండింగు తీగ మీది వార్నిష్ పొర తట్టుకోలేదు.

మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇంకా దారుణం. నడుస్తున్న మోటారు ఆగదు, మిగిలిన రెండు ఫేజుల మీదే ఈడుస్తుంది. ఆ రెండు తీగల్లో ప్రవాహం సుమారు 1.73 రెట్లవుతుంది. 1.73ని దానితోనే గుణిస్తే మూడు. మూడింతల వేడి! స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టేది ఈ క్షణంలో మోటారును ఆపడానికే. రిలే మాటిమాటికీ పడిపోతోందని విసుగుపడి దాన్ని తప్పించి నేరుగా కలిపించుకునే రైతులు ఉన్నారు. రిలే పడిపోతోందంటే ఎక్కడో ఆంపియర్లు పెరిగాయని అర్థం. అది ఎక్కడో వెతకాలి గాని రిలేను తీసేయకూడదు.

ఎక్కడ వెతకాలి? ముందు మన తీగలో. స్తంభం నుంచి బోరు 300 మీటర్ల దూరం. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ లాగారు. ఆ తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌లు. 300 మీటర్లకు 2.2 ఓమ్‌లు. 7.8ని 7.8తో గుణిస్తే సుమారు 61. దాన్ని 2.2తో గుణిస్తే 134 వాట్లు. మూడు తీగల్లో కలిపి 400 వాట్లు. అరగుర్రం బలానికి పైగా నీళ్ళు ఎత్తకుండా గట్టుమీద గాలిని వేడి చేస్తోంది. మోటారు స్టార్టయ్యే క్షణంలో అయితే మామూలుకు ఆరింతల ప్రవాహం కావాలి. ఆ క్షణంలో వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. మోటారు మూలుగుతుంది గాని తిరగదు. చాలామంది దీన్ని మోటారు జబ్బు అనుకుని బేరింగులు మార్పిస్తారు. అది తీగ జబ్బు. అదే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే కిలోమీటరుకు 3.1 ఓమ్‌లే. నష్టం 400 వాట్ల నుంచి 170కి దిగుతుంది. తీగ కొనేటప్పుడు మీటరుకు రెండు రూపాయలు తక్కువని సన్నతీగ కొంటే, ఆ రూపాయలు వైండింగ్ షాపులో తిరిగి కట్టాల్సి వస్తుంది.

ఒక విషయం ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. మోటారుకు వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వచ్చే అంకె అంతా పనికొచ్చే పవర్ కాదు. మూడు ఫేజుల లెక్కలో 415ని 7.8తో, దాన్ని 1.73తో గుణిస్తే 5600 వస్తుంది. మోటారు నిజంగా వాడుకునేది సుమారు 4500 వాట్లు. ఈ తేడాకు కారణం, మోటారులో అయస్కాంత బలం నిలబెట్టడానికి తీగ వెంట వెళ్ళి వస్తూ ఉండే ప్రవాహం. పని చేయదు, కానీ తీగను వేడి చేస్తుంది. కెపాసిటర్ బిగిస్తే ఆ రాకపోకలు మోటారు దగ్గరే తీరిపోతాయి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే తీగలో 7.8 ఉన్న ఆంపియర్లు ఆరున్నరకు దిగుతాయి. వర్గం వేసి చూడండి, తీగలో వేడి నూటికి 30 వంతులు తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక, కెపాసిటర్లు, ఐఎస్ఐ మోటార్లు, ఒరిపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వులు పెట్టుకోవాలని పట్టుబట్టింది ఇందుకే. చాలా చోట్ల కెపాసిటర్ డబ్బా గోడకు వేలాడుతూ ఉంటుంది, తీగలు మాత్రం ఊడదీసి ఉంటాయి. ఇవాళే వెళ్ళి చూడండి.

ఆటో స్టార్టర్ల సంగతీ ఇదే లెక్కతో తేలుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ భరించే ప్రవాహం 133 ఆంపియర్లు. దానికింద పదిహేను 5 హెచ్‌పీ మోటార్లు ఉన్నాయి, ఒక్కోటి 8 చొప్పున 120 ఆంపియర్లు. సరిపోయింది. కరెంటు పోయి వచ్చింది. అందరికీ ఆటో స్టార్టర్లే. పదిహేను మోటార్లూ ఒక్కసారి లేచాయి, ఒక్కోటి ఆరింతలు లాగుతూ. 120ని ఆరుతో గుణిస్తే 720 ఆంపియర్లు! ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు ఎగిరిపోతాయి, లేదా వోల్టేజీ కుప్పకూలి ఏ మోటారూ సరిగా లేవక అన్నీ మూలుగుతూ నిలబడతాయి. ఒకరి తర్వాత ఒకరు నిమిషం తేడాతో వేసుకుంటే ఈ బాధ ఉండదు. ఇది పదిహేనుమంది రైతులు మాట్లాడుకుని తేల్చుకోవలసిన పని, ఏ ఇంజనీరూ తేల్చగలిగింది కాదు.

సరఫరా సంస్థల వైపూ ఇదే వర్గం పని చేస్తుంది. వెనకటికి ఊరి చివర ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి కిలోమీటర్ల కొద్దీ 415 వోల్టుల తీగలు పొలాలకు లాగేవాళ్ళు. చివరి రైతుకు వోల్టేజీ అందేది కాదు. తర్వాత 11,000 వోల్టుల తీగను పొలాల్లోకే తీసుకొచ్చి, నలుగురైదుగురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి వచ్చింది. దాన్నే హెచ్‌వీడీఎస్ అంటారు. 11,000 అంటే 415కి ఇరవై ఆరున్నర రెట్లు. అదే పవర్‌కు ఆంపియర్లు ఇరవై ఆరున్నరో వంతుకు తగ్గుతాయి. వర్గం చేస్తే, అదే తీగలో నష్టం 700వ వంతు. దూరం నుంచి వచ్చే విద్యుత్తును 400 కిలోవోల్టులు, 765 కిలోవోల్టులకు పెంచి పంపేది కూడా ఈ లెక్క ప్రకారమే. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డును దేశం మొత్తానికి కలిపిన రాయచూరు-షోలాపూర్ లైను 765 కిలోవోల్టులది.

ఇంటికి వచ్చే 230 వోల్టులు ఆరు శాతం అటూ ఇటూ ఉండొచ్చని నియమం. అంటే 216 నుంచి 244 వరకు. మీటరు పెట్టి నాలుగు పూటలు కొలిచి, తేదీ, సమయం వేసి రాసుకోండి. అంతకంటే తగ్గుతుంటే ఆ కాగితంతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ‘కరెంటు డిమ్ముగా ఉంది’ అనే ఫిర్యాదుకు, ‘రాత్రి 7 గంటలకు 178 వోల్టులు’ అనే ఫిర్యాదుకు చాలా తేడా ఉంది.

ఆఖరి లెక్క ప్రాణానికి సంబంధించింది. జాగ్రత్తగా వినండి.

మన ఒంటికీ నిరోధం ఉంది. చర్మం పొడిగా ఉంటే అది పదివేల ఓమ్‌లు, ఇంకా ఎక్కువా ఉంటుంది. చెమట పట్టి, కాళ్ళు తడినేలలో ఉంటే 1000 ఓమ్‌లకు దిగుతుంది. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్చిని 30 మిల్లీఆంపియర్లకే పడిపోయేలా తయారుచేసేది అందుకే. 10 ఆంపియర్ల ఫ్యూజు మనిషిని కాపాడదు. మనిషిలోంచి పోయే 0.23 ఆంపియర్ దాని లెక్కలోకే రాదు.

ఎర్తింగు కూడా ఇలాగే చూడండి. మోటారు బాడీకి కరెంటు అంటుకుంది. ఎర్తు గుంత ఎండిపోయి 100 ఓమ్‌ల నిరోధం చూపుతోంది. 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు. 10 ఆంపియర్ల ఫ్యూజు కదలదు. మోటారు బాడీ మీద కరెంటు అలాగే కూర్చుని, ముట్టుకునే చెయ్యికోసం ఎదురుచూస్తుంది. అదే గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీళ్ళు పోస్తూ నిరోధం 5 ఓమ్‌లకు తెచ్చారనుకోండి, 46 ఆంపియర్లు పారి ఫ్యూజు అక్కడికక్కడే పోతుంది. బిందెడు నీళ్ళకు ఉన్న విలువ అది.

అడవిపందుల బెడదకు పొలం చుట్టూ బైండింగ్ వైరు కట్టి దానికి నేరుగా 230 వోల్టులు తగిలించేవాళ్ళకు చేతులెత్తి మొక్కుతున్నాను. రాత్రి తడిచేలో నడిచి వచ్చే మనిషికి ఈ 1000 ఓమ్‌ల లెక్కే వర్తిస్తుంది. అది పక్కరైతు కావచ్చు, మీ ఇంటి పిల్లాడే కావచ్చు. సోలార్ ఫెన్సింగ్ యంత్రం ఇచ్చేది రెప్పపాటులో వందోవంతు కూడా ఉండని దెబ్బ. జంతువు బెదురుతుంది, చావదు. ఇంటి కరెంటు అలా కాదు, పట్టుకుంటే వదలదు.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఈ వారంలో మూడు పనులు చేయండి. మోటారు రేకుమీది ఆంపియర్లు చదివి, నడుస్తున్నప్పటి ఆంపియర్లు కొలిపించి పోల్చుకోండి. సర్వీసు వైరులో మెలిపెట్టిన జాయింట్లను, మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత లగ్గులతో బిగించి వేయించండి. ఎర్తు గుంతలో నీళ్ళు పోయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే మాత్రం, ఎంత తొందరైనా, మీరు ఎక్కవద్దు. ఏబీ స్విచ్ దించినా మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కుని ఉండిపోవచ్చు, కిందినుంచి చూస్తే తెలియదు. 1912కు ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి.